బోరు మాట ఫోనుకు చెప్పిందెవరు?

ప్రశ్న: మేముండేది అనంతపురంలో. మా అత్తామామలు కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉంటారు. మార్చి చివర్లో ఒక ఆదివారం మామ ఇంటికొచ్చి, చీనీ తోటలో బోరు ఎండిపోయింది, ఇంకోటి వేయించాల అన్నారు. హాల్లో కూర్చొని మామ, మా ఆయన, మా మరిది, నేను చాలాసేపు అదే మాట్లాడుకున్నాం. మామ చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోన్. నేను నా ఫోన్లో దాని గురించి ఏమీ వెతకలేదు. పొద్దున లేచి ఫేస్‌బుక్ తెరిస్తే సబ్‌మెర్సిబుల్ మోటర్ల ప్రకటన! తర్వాత సోలార్ పంపులు. ఆ తర్వాత ఇన్‌స్టంట్ లోన్లు. భయమేసి అన్ని యాప్‌లకూ మైక్ పర్మిషన్ తీసేసినాను. వాట్సాప్‌కు కూడా తీసేయడంతో అమ్మకు వాయిస్ మెసేజ్ పెట్టడానికి లేకుండా పోయింది. అయినా మోటర్లు వస్తానే ఉన్నాయి. ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది, పిల్లోని పుట్టినరోజుకు కొన్న స్మార్ట్ స్పీకర్ ఉంది. స్పీకర్ అమ్మేద్దామంటాడు మా ఆయన. ఇంకో సంగతి, మా చెల్లెలి కాపురం సరిగ్గా లేదు. ఆ విషయాలు మాట్లాడుకునేటప్పుడు ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టొస్తున్నాం. ఇవి నిజంగా మన మాటలు వింటాయా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఫోన్లు పక్క గదిలోంచి తెచ్చుకోండి. చెల్లెలి సంగతి ధైర్యంగా మాట్లాడుకోండి. ఫోన్ మన మాటలు చాటుగా విని ప్రకటనలు చూపిస్తోందనడానికి ఇంతవరకు గట్టి రుజువు దొరకలేదు. వెతకక కాదు, బాగానే వెతికారు. అట్లాగని మీ అనుమానం వట్టిదీ కాదు. ఆ ప్రకటన మీ ఇంట్లో జరిగినదాన్ని బట్టే వచ్చి ఉండొచ్చు. కాకపోతే చెప్పింది మైక్ కాదు.

మీ ఉత్తరంలోనే ఒక ఆధారం ఉంది. అమ్మకు వాయిస్ మెసేజ్ కూడా పోనంతగా మైక్ మూసేశారు. మోటర్లు మాత్రం ఆగలేదు. మొదటిరోజే విని రాసిపెట్టుకుంది కాబట్టి ఆగలేదేమో అని మీరు అడగొచ్చు. సబబైన ప్రశ్నే. అందుకే అసలు వినాలంటే ఫోన్ ఏం చేయాలో లెక్కేద్దాం.

మాట అర్థమయ్యేంత నాణ్యత ఉంచి, బాగా కుదించి సెకనుకు 24 కిలోబిట్ల చొప్పున పంపినా గంటకు దాదాపు 11 ఎంబీ అవుతుంది. మనం మేలుకుని ఉండే 16 గంటలకు 170 ఎంబీ పైమాటే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకునేవాళ్ళకు అందులో తొమ్మిదో వంతు పోయినట్టు. నెలకు 5 జీబీ. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే ఏ యాప్ ఎంత తిన్నదో వరసగా కనిపిస్తుంది. ఇంత పెద్ద దొంగతనం అక్కడ దాగదు.

మాటను ఫోన్లోనే అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాలు మాత్రం పంపితే డేటా పెద్దగా కాదు కదా అని కొంచెం తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే, డేటా తగ్గుతుంది. కానీ అప్పుడు ఫోన్ రోజంతా అదే పనిలో ఉండాలి. చేతికి వేడి తగులుతుంది, ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతుంది. పైగా 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైక్ వాడినా తెర పైన కుడి మూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఐఫోన్లలో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క. వాట్సాప్‌కు మైక్ తిరిగిచ్చి, వాయిస్ మెసేజ్ బటన్ నొక్కి పట్టుకుని పైకి చూడండి, కనిపిస్తుంది. ఇక టీవీ మోగుతుంటే, ఫ్యాన్ తిరుగుతుంటే, నలుగురు ఒకరి మాటకు ఒకరు అడ్డమొస్తుంటే, మీ మామ మాట్లాడే కళ్యాణదుర్గం తెలుగును జేబులో ఉన్న ఫోన్ తప్పుల్లేకుండా రాసుకుంటుందంటే నాకైతే నమ్మకం లేదు. మీ ఫోన్ ఆ పని చేయగలిగితే నాకూ చెప్పండి, నాక్కూడా అట్లాంటిది కావాలి.

లెక్కలు వదిలేసి పరీక్షలకొద్దాం. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పట్టుకుని, అవి బయటికి ఏం పంపుతున్నాయో చూశారు. సగానికి పైగా యాప్‌లు కెమెరా, మైక్ వాడుకునే అనుమతి పెట్టుకున్నవే. చెప్పకుండా మైక్ తెరిచి ఆడియో పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. అయితే వాళ్ళు వెతకనిది ఇంకోటి బయటపడింది. కొన్ని యాప్‌లు తెరను, అంటే మనం ఏం నొక్కుతున్నామో ఏం రాస్తున్నామో, ఫోటోలుగా వీడియోగా తీసి మూడో కంపెనీకి పంపుతున్నాయి. మరుసటేడు వాండెరా అనే మొబైల్ భద్రతా సంస్థ ఒక ఐఫోన్‌ను, ఒక సామ్‌సంగ్ ఫోన్‌ను గదిలో పెట్టి, మూడు రోజులపాటు రోజూ అరగంట కుక్కల తిండి, పిల్లుల తిండి ప్రకటనలు వినిపించింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టిన ఫోన్లకూ వీటికీ డేటాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తిండి ప్రకటనలూ రాలేదు.

2018లోనే అమెరికా సెనేట్‌లో గ్యారీ పీటర్స్ అనే సెనేటర్ ఇదే ప్రశ్న ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్‌ను సూటిగా అడిగాడు. లేదు అన్నాడాయన. ఆ ఒక్క మాటే ఆధారమైతే నేను మీకు ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదు. అమ్మేవాడు తన సరుకు గురించి చెప్పే మాటకు ఎంత విలువివ్వాలో అంతే ఇస్తాను.

మరి చెప్పిందెవరు?

మీ మామది కీప్యాడ్ ఫోన్, సరే. మీ మరిదిది? మీ ఆయనది? ఇంట్లో పెద్ద ఖర్చు మాటొస్తే మగపిల్లలు ఆ రాత్రికే యూట్యూబ్ తెరుస్తారు. బోరు అడుగుకు ఎంత, కేసింగ్ పైపు ఎంత, ఐదు హెచ్‌పీ మోటర్ ఏ కంపెనీది మంచిది. తర్వాత ఏదో మోటర్ కంపెనీ వెబ్‌సైట్‌లోకి పోయి ధరలు చూస్తారు. అట్లాంటి చాలా వెబ్‌సైట్లలో ఫేస్‌బుక్‌కు చెందిన చిన్న కోడ్ ఒకటి ఉంటుంది, పిక్సెల్ అంటారు. ఫలానా మనిషి వచ్చి ఫలానా పేజీ చూసిపోయాడని అది ఫేస్‌బుక్‌కు కబురు పెడుతుంది. మీ మరిది ఫోన్ మీ ఇంటి వైఫైకి కలిసి ఉంటే, బయటి వెబ్‌సైట్లకు మీ ఇంటి ఫోన్లన్నీ ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే ఇంటర్నెట్‌లో ఒకే ఇంటి నంబరుతో, కనిపిస్తాయి. ప్రకటనల వ్యాపారంలో ఇట్లాంటి ఫోన్లను ఒకే ఇంటివిగా కలిపి చూడడం మామూలే. మోటర్ కొనేది ఇల్లంతా కలిసే కదా, అందుకని ఇంట్లో ఇంకొకరికీ చూపిస్తారు. కాబట్టి మీరు వెతక్కపోవడం కాదు చూడాల్సింది, మీ వైఫై మీద ఎవరూ వెతక్కపోయారా అన్నది. మీ మరిదిని అడిగి చూడండి.

ఇంకో దారీ ఉంది, ఇది ఇంకా మామూలుది. వానలు తక్కువ పడే మన జిల్లాలో, మార్చి ఏప్రిల్ నెలల్లో మోటర్ల ప్రకటన వేయడానికి ఎవరి మాటా వినక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చేవాడు మ్యాపు మీద అనంతపురం చుట్టూ గీత గీస్తాడు, ఈ వయసు నుంచి ఈ వయసు దాకా అంటాడు, వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు అంటాడు, డబ్బు కడతాడు. మీరెప్పుడైనా మామ తోటలో చీనీకాయల ఫోటో పెట్టి ఉంటే, రైతుల పేజీ ఏదైనా లైక్ కొట్టి ఉంటే, పండక్కి పల్లెకు పోయినప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉంటే, మీరు ఆ గీత లోపలే ఉన్నారు. బోర్లు ఎండే కాలంలో బోర్ల మాటలు, బోర్ల ప్రకటనలు కలిసే వస్తాయి.

ఆ ప్రకటన అంతకు ముందు వారం కూడా మీకు వచ్చి ఉండొచ్చు. అప్పటికి ఇంట్లో బోరు గొడవ లేదు కాబట్టి వేలితో పైకి తోసేసి ఉంటారు. రోజూ తోసేసేవాటిని మనం గుర్తు పెట్టుకోం. మాట్లాడుకున్న దానితో కలిసింది ఒక్కటి కనిపిస్తే గుండె జల్లుమంటుంది. ఆ ఆదివారం మీ హాల్లో బోరు ఒక్కటే మాట్లాడారా? కరెంటు బిల్లు, చీనీకాయల రేటు, ఎవరి పెళ్ళికో పోవడం, అత్తకు కాళ్ళనొప్పులు, ఇవీ వచ్చే ఉంటాయి. వాటి ప్రకటనలు ఎందుకు రాలేదని ఎవరమూ అడగం.

ఊహలెందుకు, అడిగి తెలుసుకునే వీలుంది. మళ్ళీ మోటర్ ప్రకటన వచ్చినప్పుడు దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కండి. ఈ ప్రకటన మీకెందుకు చూపిస్తున్నాం అని ఉంటుంది. తెరిస్తే చాలాసార్లు కనిపించేది ఇంతే: మీ వయసు, మీ ఊరు, మీరు ఫలానా విషయం మీద ఆసక్తి చూపారని. ఒక్కోసారి మీ నంబరు ఉన్న లిస్టును ఆ వ్యాపారే ఇచ్చాడని కూడా ఉంటుంది. అది పూర్తి నిజమంతా చెప్పదు గానీ, భయం సగం దించుతుంది. అదే ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో, బయటి వెబ్‌సైట్లు, యాప్‌లు మీ గురించి పంపిన సమాచారం లిస్టు కూడా ఉంటుంది. ఆ లిస్టు చూసినవాళ్ళు మైక్ సంగతి మళ్ళీ ఎత్తరు. అక్కడే దాన్ని చెరిపేసి, ఇకముందు నా అకౌంట్‌కు కలపొద్దని చెప్పొచ్చు.

ఫేస్‌బుక్‌ను నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు లోపల ఒక తలుపు తెరిచి పెట్టుకుని కూర్చునేవి. అదే ఫోన్ బ్రౌజర్లో మనం పిక్సెల్ ఉన్న వెబ్‌సైట్‌కు పోతే, ఆ పిక్సెల్ ఈ తలుపు గుండా ఫలానా పేజీ చూశారని యాప్‌కు అందించేది. హిస్టరీ మిగలకుండా చూసే ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో చూసినా సరే. సంగతి బయటపడిన రోజే ఫేస్‌బుక్ సొంతదారు కంపెనీ మెటా దాన్ని ఆపేసింది. నోటి మాట వినాల్సిన అవసరం వాళ్ళకు ఎందుకు లేదో ఇది చూస్తే అర్థమవుతుంది. మాట తికమకగా ఉంటుంది, వెతుకులాట సూటిగా ఉంటుంది.

ఇప్పుడు మైక్ నిజంగా వాడిన కథలు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. సిల్వర్‌పుష్ అని మన దేశంలో పుట్టిన కంపెనీ. టీవీ ప్రకటనల్లో మన చెవికి వినపడని శబ్దం కలిపి, ఫోన్లోని యాప్ మైక్‌తో దాన్ని పట్టుకుని, ఈ ఫోన్ మనిషి ఈ టీవీ ప్రకటన చూశాడని తెలుసుకునే పద్ధతి తయారుచేసింది. 2016 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కోడ్ వాడిన 12 మంది యాప్ తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది. 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఇంకోటి రాసింది. అల్ఫాన్సో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న 250కి పైగా యాప్‌లు, ఎక్కువగా ఆటలు, గూగుల్ ప్లేలో ఉన్నాయి, అవి మైక్‌తో టీవీలో ఏ ప్రకటన మోగుతోందో గుర్తుపడుతున్నాయి అని. ఈ రెండిట్లోనూ విన్నది టీవీ శబ్దాన్ని, మనుషుల మాటల్ని కాదు. అయినా బంతులు పగలగొట్టే ఆటకు మైక్ ఎందుకు? మీ పిల్లవాడి ఆటలకు మైక్ తీసేసి మంచి పని చేశారు. అది అట్లాగే ఉండనివ్వండి. వాట్సాప్‌కు, ఫోన్ యాప్‌కు మాత్రం తిరిగివ్వండి, పాపం అమ్మ ఎదురుచూస్తుంటుంది.

ఈ నమ్మకం ఇంత గట్టిపడడానికి కారణం మరొకటి. అమెరికాలో కాక్స్ మీడియా గ్రూప్ అనే సంస్థ, మనుషుల మాటలు విని ప్రకటనలు వేయగలమని తన కస్టమర్లకు గొప్పలు చెప్పుకుంది. 2023 డిసెంబరులో, మళ్ళీ 2024 ఆగస్టులో 404 మీడియా అనే వార్తా సంస్థ ఆ కాగితాలు బయటపెట్టింది. గూగుల్ తన భాగస్వాముల జాబితా నుంచి ఆ సంస్థను తీసేసింది. వాళ్ళు నిజంగా విన్నారని మాత్రం ఎవరూ చూపలేదు. సరుకు అమ్ముకునేవాడి ఉబలాటం అది అని నా అభిప్రాయం. ఐఫోన్లో పిలిస్తే పలికే సిరి సంగతి కూడా ఈ నమ్మకాన్ని పెంచింది. పొరపాటున రికార్డయిన మాటలను కాంట్రాక్టు ఉద్యోగులు విన్నారని 2019లో బయటపడింది, దావా పడింది, తప్పు ఒప్పుకోకుండానే యాపిల్ 9.5 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చిందని 2025 జనవరిలో తెలిసింది. ఆ మాటలు ప్రకటనలకు వాడలేదని యాపిల్ అంటోంది. వాడారని కోర్టులో తేలలేదు. కానీ మనుషులు విన్న మాట నిజం. మీరు భయపడాల్సిన చోటేదైనా ఉంటే అది ఈ పొరపాటు రికార్డింగే.

దీంతో మీ స్పీకర్ దగ్గరికొచ్చాం. అది ఎప్పుడూ వింటూనే ఉంటుంది, అబద్ధం లేదు. అయితే వినేది తన పేరు కోసం. పేరు వినపడేదాకా కొద్ది సెకన్ల శబ్దాన్ని తనలోనే ఉంచుకుని చెరిపేసుకుంటుంది, పేరు వినపడ్డాక బయటికి పంపుతుంది. టీవీ సీరియల్లో ఆ పేరుకు దగ్గరగా ఏదైనా మాటొస్తే పొరపాటున లేస్తుంది, అప్పటి మాటలు కొన్ని పోతాయి. మీదాంట్లో అట్లా ఎన్ని పోయాయో మీరే వినొచ్చు. అమెజాన్ వాళ్ళ అలెక్సా అయితే ఆ యాప్‌లో ప్రైవసీ కింద వాయిస్ హిస్టరీ ఉంటుంది. తేదీలవారీగా మీ గొంతులు మీకు వినిపిస్తాయి. మొదటిసారి వింటే ఒళ్ళు జలదరిస్తుంది, ముందే చెబుతున్నా. అక్కడే చెరిపేయొచ్చు.

దాన్ని పిలిచి అడిగినవి మాత్రం లెక్కలోకొస్తాయి. 2022లో అమెరికాలోని కొన్ని యూనివర్సిటీల పరిశోధకులు చూపించింది ఇదే: స్పీకర్‌తో మాట్లాడిన దాన్ని బట్టి ఆ మనిషికి ప్రకటన చూపించడానికి ప్రకటనల కంపెనీలు వేలంలో పాడే ధర మారుతోంది, ఒక్కోసారి 30 రెట్ల దాకా పెరుగుతోంది. పిల్లల గొంతు రికార్డింగులు చెరపకుండా దాచుకున్నందుకు 2023లో అమెజాన్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2.5 కోట్ల డాలర్ల జరిమానా వేయించింది. మీ పిల్లవాడు దానితో రోజూ ముచ్చట్లు పెడుతుంటాడు కాబట్టి ఇది మీకు సంబంధించినదే.

టీవీ సంగతి ఇంకా ఘోరం, ఆశ్చర్యమేమిటంటే దాన్ని ఎవరూ అనుమానించరు. ఇంట్లో మనల్ని నిజంగా గమనించే వస్తువు ఏదంటే నేను టీవీ వైపు వేలు చూపిస్తాను. వాటిలో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. తెర మీద వచ్చే బొమ్మలను మధ్యమధ్యలో ముద్రలు తీసుకుని కంపెనీకి పంపి, మీరేం చూస్తున్నారో తెలుసుకునే ఏర్పాటు. 2017లో విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి చెప్పకుండా ఇట్లా లాగినందుకు అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టింది. 2024లో పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లలో సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షిస్తే, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బయటి పెట్టె కలిపి చూసినా ముద్రలు పోతూనే ఉన్నాయి. మన ఇళ్ళల్లో డిష్ పెట్టె టీవీకి కలిపేది చాలామటుకు ఆ కేబుల్‌తోనే. మన దేశంలో మీ మోడల్ టీవీ ఎంత పంపుతోందో మీ సెట్టింగ్స్‌ను బట్టి ఉంటుంది. సామ్‌సంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ అని, ఎల్‌జీలో లైవ్ ప్లస్ అని ఉంటుంది. మిగతా కంపెనీల్లో ప్రైవసీ కిందో, నిబంధనల కిందో వెతకండి. కొత్త టీవీ బిగించిన రోజు అబ్బాయి రిమోట్‌తో అన్నిటికీ ఓకే ఓకే అని కొట్టేసి పోయాడు కదా, అందులో ఇదీ ఒకటి. ఆపేస్తే టీవీకేమీ కాదు, అన్ని ఛానళ్ళూ వస్తాయి.

ఇంకా టీవీ యూట్యూబ్‌లో ఎవరి జీమెయిల్ పెట్టారో చూడండి. చాలా ఇళ్ళల్లో ఇంటి ఇల్లాలిదే ఉంటుంది, టీవీ పెట్టిన రోజు చేతిలో ఉన్న ఫోన్ ఆమెది కాబట్టి. అప్పుడు మీ మరిది సోఫాలో పడుకుని టీవీలో బోరు వీడియోలు చూసినా, గూగుల్ లెక్కలో చూసింది మీరే.

ఇక మన చేతులారా ఇచ్చేది ఒకటుంది. టవర్‌క్లాక్ దగ్గర బట్టల అంగట్లో రెండు బ్లౌజు పీసులు కొన్నా, బిల్లు కొట్టే పిల్ల తలెత్తకుండానే "నంబర్ మేడమ్" అంటుంది. మనం చెప్పేస్తాం. నగల అంగడి లక్కీ డిప్ కాగితం మీద పేరు, నంబరు, పెళ్ళిరోజు కూడా రాసి డబ్బాలో వేస్తాం. మీ మామో మరిదో మోటర్ల అంగట్లో రేటు అడిగి నంబరు ఇచ్చి వచ్చినా అంతే. వ్యాపారి ఆ నంబర్ల లిస్టును ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ఎక్కిస్తే, ఆ నంబరుతో అకౌంట్ ఉన్నవాళ్ళను, వాళ్ళలాంటి ఇతరులను కూడా వెతికి ప్రకటన చూపిస్తాయి. ఇది చాటుగా జరిగేది కాదు, ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు బాహాటంగా అమ్మే సౌకర్యం. బిల్లు ఇవ్వడానికి నంబరు కావాల్సిందేనని అంగళ్ళవాళ్ళు పట్టుబట్టడం తప్పని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. ఈసారి అడిగితే "నంబరొద్దమ్మా, బిల్లియ్యి" అని చూడండి. ఒకటి రెండుసార్లు మొహం మాడుస్తారు, బిల్లు మాత్రం వస్తుంది.

మీకొచ్చిన ప్రకటనల్లో నేను నిజంగా భయపడేది మూడోదానికి, ఆ ఇన్‌స్టంట్ లోన్లకు. బోరు వేయించడమంటే లక్షల మాట. నీళ్ళు పడతాయో లేదో తెలియదు. ఆ తొందరలో ఇంట్లో ఎవరో ఒకరు యాప్ దింపుకుంటారు. అప్పిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫైళ్ళు, ఫోటోలు తీసుకోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ అవసరానికి మీ అనుమతితో ఒక్కసారి మాత్రమే. కాబట్టి లోన్ యాప్ కాంటాక్టులు అడిగిందంటే అక్కడితో దాన్ని తీసేయండి. చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీసేది ఆ కాంటాక్టులతోనే. ఇప్పటికే చిక్కుకున్నవాళ్ళుంటే 1930కి ఫోన్ చేయమనండి. వడ్డీ ఎంతైనా సరే, ముఖం చూపించే బ్యాంకు దగ్గరికి పొమ్మని మీ మామకు నా మాటగా చెప్పండి.

చట్టం ఏం చేస్తోందని కూడా అడుగుతారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పిల్లలను వెంటాడి వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయడం అందులో నిషేధం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. అందాకా మన జాగ్రత్త మనదే.

మీ చెల్లెలి విషయం. మీరు కాపలా పెట్టింది మాట మీద, పెట్టాల్సింది వెతుకులాట మీద. ఆమె తన అత్తగారింట్లో కూర్చుని, ఆ ఇంటి వైఫై మీద, విడాకుల గురించో భరణం గురించో వెతికిందనుకోండి. మీ ఇంట్లో మోటర్ల ప్రకటన ఏ దారిన మీ ఫోన్‌కు వచ్చిందో, అదే దారిన న్యాయ సలహాల ప్రకటన ఆమె భర్త ఫోన్లో వాలొచ్చు. ఆయన జీమెయిల్ ఉన్న టీవీలో చూసినా, ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌లో చూసినా హిస్టరీలో పడుతుంది. అందుకని వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటోలో, ఏ అకౌంట్లోకీ లాగిన్ కాకుండా చూడమనండి. అంతకన్నా మంచిది అసలు వెతక్కుండా మీ ఫోన్ నుంచి మీరే మాట్లాడడం. మహిళల హెల్ప్‌లైన్ 181. ఉచిత న్యాయ సహాయానికి 15100. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఇంకొక్కటి. వాట్సాప్‌లో ఆమె మీకు రాసే మాటలు మీ ఇద్దరి మధ్యే ఉంటాయి, వాటిని చదవడం కంపెనీకి కూడా కుదరదు. అదే వాట్సాప్‌లో మనం అడిగితే జవాబిచ్చే మెటా ఏఐ అట్లా కాదు. ఏఐతో జరిపే సంభాషణలను ప్రకటనలకు వాడుకుంటామని మెటా ప్రకటించి 2025 డిసెంబరు 16 నుంచి మొదలుపెట్టింది. మతం, ఆరోగ్యం, రాజకీయం లాంటివి వాడబోమని అంటోంది గానీ, కాపురం కష్టాలు ఆ మరబొమ్మకు చెప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. ఈ రోజుల్లో చాలామంది ఆడపిల్లలు రాత్రిపూట దానికే చెప్పుకుంటున్నారు.

మీ ఫోన్లో చేయాల్సినవి కొన్నే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ ఎప్పుడు మైక్ ముట్టుకుందో టైముతో సహా ఉంటుంది. అదే ప్రైవసీలో యాడ్స్ అని ఉన్నచోట అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. ఒక యాప్‌లో మీరు చేసింది ఇంకో యాప్‌కు తెలిసేది చాలావరకు ఆ ఐడీ వల్లే. లొకేషన్ మ్యాప్స్‌కు తప్ప మిగతావాటికి తీసేయండి, కావాల్సిన యాప్ వాడేటప్పుడు ఎట్లాగూ అడుగుతుంది.

ఇంత చెప్పినా అనుమానం తీరకపోతే మీరే పరీక్ష పెట్టండి. మీ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ అక్కర్లేని వస్తువు ఒకటి తీసుకోండి, మంచు మీద జారే బూట్లనుకుందాం. కొన్నాళ్ళు ఫోన్ ముందు దాని గురించే మాట్లాడండి, ఎంత రేటు, ఏ సైజు అని. ఎవరూ వెతకకూడదు, రాయకూడదు, ఫోన్లో ఎవరికీ చెప్పకూడదు. మీ మరిదికి అసలు చెప్పొద్దు, ఆయన వెతుకుతాడు.

స్పీకర్ అమ్మాల్సిన పని లేదు. దాని మీద మైక్ ఆపే బటన్ ఉంటుంది, అలెక్సా అయితే నొక్కగానే ఎర్ర లైటు వెలుగుతుంది. పిల్లవాడు పాటలు అడిగేటప్పుడు తీసి, తర్వాత నొక్కి పెట్టండి. అయినా మీ ఆయన పట్టుబడితే, ముందు యాప్‌లో పాత రికార్డింగులన్నీ చెరిపేసి, స్పీకర్‌ను మీ అకౌంట్ నుంచి డీరిజిస్టర్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి అప్పుడు అమ్మండి. డీరిజిస్టర్ చేయకుండా ఇచ్చేస్తే, కొన్నవాళ్ళు దాన్ని ఏమడిగినా మీరడిగినట్టే మీ ఖాతాలో పడుతుంది.